విద్యార్థి పత్రిక స్వేచ్ఛను కాపాడుకోవడం ఎలా: క్యాంపస్ విలేకరులకు సమగ్ర మార్గదర్శి

"ఈసారికి ఆ ఐటమ్ ఆపండమ్మా, వచ్చే సంచికలో చూద్దాం." విద్యార్థి పత్రిక మీద ఆంక్ష ఎక్కువసార్లు వచ్చేది ఇలాగే, వరండాలో ఎదురుపడ్డప్పుడు, నవ్వుతూ. లేదంటే సలహాదారుగా ఉన్న లెక్చరర్ ఫోన్ చేసి "డీన్ గారు కొంచెం నొచ్చుకున్నారు" అంటారు. ఉత్తర్వు ఉండదు, సంతకం ఉండదు, కారణం అంతకన్నా ఉండదు. నెల తర్వాత ఎవరైనా నిలదీస్తే "మేమెప్పుడు ఆపమన్నాం? పిల్లలే వద్దనుకున్నారు" అనేస్తారు. కాదని నిరూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

అందుకని ఇక్కడ చెప్పే పనులన్నిటికీ గురి ఒకటే. ఏం అచ్చేయాలో తేల్చే అధికారం ఎవరిదో ముందే కాగితం మీద పెట్టించాలి. ఎవరైనా అడ్డొస్తే ఆ అడ్డంకిని కూడా కాగితం మీదికి రప్పించాలి. ధర్నాలు, బహిరంగ లేఖలు చేయొద్దని అనడం లేదు. చేతిలో కాగితం లేకుండా చేసిన ధర్నా వారం తిరక్కుండానే చల్లారిపోతుంది, అంతే.

అచ్చు పత్రికైనా, వెబ్‌సైటైనా, క్యాంపస్ రేడియో అయినా పద్ధతి ఇదే. చట్టం మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. కింద ఉదహరించిన కేసుల్లో ఎక్కువ అమెరికావి. విద్యార్థి పత్రికల తగాదాలు అక్కడ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, వాదనలన్నీ విడమరిచి రాసిన తీర్పులుగా మిగిలాయి. వేరే దేశంలో ఆ తీర్పులు చెల్లవు గానీ, అధికారులు ఏ సందు చూసి లోపలికొస్తారో తెలుసుకోవడానికి బాగా పనికొస్తాయి.

మొదటి మెట్టు: పత్రిక ఎవరిదో తేల్చుకోండి

సంపాదకవర్గం మొత్తం ఒక పూట కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ప్రచురణకర్తగా ఎవరి పేరు పడుతోంది? అచ్చు ఖర్చు ఎవరు కడుతున్నారు? పత్రిక పని తరగతిలో భాగమా, దానికి మార్కులు పడతాయా, లేక క్లబ్బులా నడుస్తోందా? వెబ్‌సైట్ డొమైన్, సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డ్‌లు ఎవరి చేతిలో ఉన్నాయి? ఇప్పటిదాకా అచ్చుకు ముందు ఎవరైనా చదివి సరేననాల్సి వచ్చిందా?

పైకి గుమాస్తా ప్రశ్నల్లా ఉన్నా హేజల్‌వుడ్ కేసు వీటి మీదే తేలింది. 1983 మే నెలలో మిసోరీ రాష్ట్రంలోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ పత్రిక 'స్పెక్ట్రమ్' ప్రూఫులు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాయి. అందులో ఒక కథనం గర్భవతులైన విద్యార్థినుల అనుభవాల మీద, ఇంకొకటి తల్లిదండ్రుల విడాకులు పిల్లల మీద చూపే ప్రభావం మీద. ఆ రెండూ ఉన్న పేజీలను ప్రిన్సిపాల్ మొత్తంగా తీయించేశారు. అవే పేజీల్లో ఉన్న, ఎవరికీ అభ్యంతరం లేని వార్తలు కూడా వాటితోపాటే పోయాయి. విద్యార్థులు కోర్టుకెక్కారు. 1988 జనవరిలో సుప్రీంకోర్టు 5-3 మెజారిటీతో స్కూలు పక్షాన తీర్పిచ్చింది.

పత్రికను జర్నలిజం తరగతిలో భాగంగా తెస్తున్నారు, టీచర్ మార్కులు వేస్తున్నారు, చివరి మాట స్కూలుదే అన్నట్టు నడుస్తోంది అన్నది కోర్టు చూసిన అసలు సంగతి. విధానం ద్వారా గానీ ఆచరణ ద్వారా గానీ స్కూలు దాన్ని విద్యార్థుల వేదికగా వదిలిపెట్టలేదు కాబట్టి, బోధనకు సంబంధించిన సహేతుకమైన కారణం చూపిస్తే ఆపొచ్చని తేల్చింది. విధానం, ఆచరణ అన్న ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. మూడో మెట్టులో వీటితో పని పడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది 'స్టాన్‌ఫర్డ్ డైలీ'. ఆ పత్రిక 1973 నుంచే యూనివర్సిటీ నుంచి విడిపోయి సొంత సంస్థగా నడుస్తోంది. 2022 నవంబరులో అక్కడి ఫస్టియర్ విద్యార్థి థియో బేకర్, యూనివర్సిటీ అధ్యక్షుడి పాత పరిశోధన పత్రాల్లో చిత్రాలు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద కథనాలు మొదలుపెట్టాడు. అధ్యక్షుడు స్వయంగా తారుమారు చేశారని విచారణ సంఘం అనలేదు గానీ, ఆయన ల్యాబుల నుంచి వచ్చిన పత్రాల్లో లోపాలున్నాయని చెప్పింది. 2023 జులైలో ఆయన రాజీనామా ప్రకటించారు. ప్రచురణకర్త యూనివర్సిటీయే అయి ఉంటే ఆ మొదటి కథనం ఎన్ని బల్లల మీద ఆగేదో ఊహించుకోవచ్చు.

అలాగని అందరూ రేపే విడిపోవాలని చెప్పను. విడిపోతే ఖర్చు మీదే, పరువునష్టం దావా పడితే దాని బరువూ మీదే. హైస్కూలు పిల్లలకు అది అయ్యే పని కాదు. యూనివర్సిటీ స్థాయిలో మాత్రం కనీసం డొమైన్‌ను, ఖాతాలను విద్యార్థుల చేతిలోకి తెచ్చుకోండి. ప్రకటనల ఆదాయం కొంతైనా మొదలుపెట్టండి. పేజీల సంఖ్యను నిర్ణయించేది యాజమాన్యం ఇచ్చే డబ్బు ఒక్కటే అయితే, పేజీల్లో ఏముండాలో కూడా నెమ్మదిగా అదే నిర్ణయిస్తుంది.

రెండో మెట్టు: మీకు అండగా ఉన్న చట్టాన్ని ఒక పేజీలో రాసుకోండి

ముందు తేల్చుకోవాల్సింది మీ విద్యాసంస్థ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్నది. రాజ్యాంగాల్లోని వాక్ స్వాతంత్ర్య హామీలు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేయడానికి పుట్టినవి. ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ మీద నేరుగా పనిచేసే వాదన ప్రైవేటు కాలేజీలో అంత తేలిగ్గా నిలబడదు. ప్రైవేటు సంస్థలో మీకు ఆయుధం వాళ్లు అచ్చేసిన హ్యాండ్‌బుక్కే. ప్రవేశాల బ్రోచర్‌లో, వెబ్‌సైట్లో "భావప్రకటన స్వేచ్ఛకు కట్టుబడి ఉన్నాం" అని రాసుకుంటారు కదా, ఆ పేజీని తేదీతో సహా సేవ్ చేసి ఉంచండి. గొడవ మొదలయ్యాక అది మాయం కావొచ్చు.

ప్రభుత్వ సంస్థలైతే తెలుసుకోవాల్సిన తీర్పులు కొన్ని ఉన్నాయి. 1965లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డి మోయిన్ నగరంలో వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్లబ్యాడ్జీలు కట్టుకొచ్చిన పిల్లల్ని స్కూళ్లు సస్పెండ్ చేశాయి. 1969లో టింకర్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన నిలిచింది. చదువుకు గణనీయమైన ఆటంకం కలిగితేనో, కలుగుతుందని సహేతుకంగా అనిపిస్తేనో తప్ప విద్యార్థి భావప్రకటనను అణచకూడదంది. హేజల్‌వుడ్ తీర్పు దాన్ని స్కూలు పత్రికల విషయంలో బలహీనపరిచింది. దానికి విరుగుడుగా కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. కాలిఫోర్నియా అయితే ఆ తీర్పు కన్నా ముందే, 1977లోనే చేసింది.

అలాంటి చట్టం ఉంటే ఏమవుతుందో కాన్సస్‌లో చూడొచ్చు. అక్కడ 1992 నుంచి విద్యార్థి ప్రచురణల చట్టం ఉంది. 2017లో పిట్స్‌బర్గ్ హైస్కూల్ విద్యార్థులు కొత్తగా నియమించిన ప్రిన్సిపాల్ గురించి మామూలు పరిచయ వ్యాసం రాయబోయి, ఆమె డిగ్రీలు ఇచ్చిందంటున్న యూనివర్సిటీ గురించి వెతికారు. దాని గుర్తింపు మీదే అనుమానాలు వచ్చాయి. మార్చి 31న కథనం వేశారు. ఏప్రిల్ 4న ఆమె రాజీనామా చేశారు. తమను శాసించబోయే ప్రిన్సిపాల్ మీదే హైస్కూలు పిల్లలు వార్త రాసి నిలబడగలిగారంటే వాళ్ల చురుకుదనంతో పాటు ఆ చట్టం కూడా కారణం.

భారత సుప్రీంకోర్టు 1986లో ఇచ్చిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు పత్రికల గురించి కాదు. అయినా విద్యార్థి విలేకరులు తప్పక చదవాలి. జాతీయ గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడినా, మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లల్ని కేరళలో బడి నుంచి పంపేశారు. విద్యాశాఖ సర్క్యులర్లను చూపించి అది సమర్థనీయమేనన్నారు. సర్క్యులర్లకు చట్టం హోదా లేదని, రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ ఇచ్చే భావప్రకటన హక్కును చట్టం ద్వారా తప్ప అలాంటి శాఖాపరమైన సూచనలతో తుంచలేరని కోర్టు తేల్చింది. "పై నుంచి సర్క్యులర్ ఉంది" అని ఎవరైనా అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఈ తీర్పులోనే ఉంది: ఆ సర్క్యులర్ ఏ చట్టం కింద వచ్చింది?

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఇంకో ఆధారం ఉంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణ సమాచారాన్ని వెతికే, అందుకునే, పంచే హక్కు పిల్లలకూ ఉందని చెబుతుంది. విద్యార్థి పత్రికల మీద ఇన్ని తీర్పులిచ్చిన అమెరికా మాత్రం ఆ ఒడంబడికను ఆమోదించనే లేదు, అదో విడ్డూరం.

మూడో మెట్టు: ప్రచురణ విధానం రాసి సంతకాలు పెట్టించండి

గొడవలేవీ లేని రోజుల్లో చేయాల్సిన పని ఇది. కొత్త విద్యా సంవత్సరం మొదట్లో, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడు కాగితం ముందు పెట్టండి. నాలుగు పేజీల ఉపన్యాసం వద్దు. ఒక పేజీ చాలు, ఇలా ఉండొచ్చు:

1. పత్రికలో ఏ అంశం ఉండాలి, ఏది ఉండకూడదు అన్న తుది నిర్ణయం విద్యార్థి సంపాదకవర్గానిది.
2. అచ్చుకు ముందు అంశాలను యాజమాన్యానికి చూపించాల్సిన అవసరం లేదు. సలహాదారు సలహా ఇస్తారు, అనుమతి ఇవ్వరు.
3. పత్రికలో వచ్చిన అంశం కారణంగా నిధులు తగ్గించడం, సలహాదారును మార్చడం, విద్యార్థులపై క్రమశిక్షణ చర్య తీసుకోవడం జరగదు.
4. పరువునష్టం, గోప్యత ఉల్లంఘన, హింసకు రెచ్చగొట్టడం వంటి చట్టవిరుద్ధమైన రాతలు పత్రిక ప్రచురించదు.
5. ఏ అంశంపైనైనా అభ్యంతరం ఉంటే కారణంతో సహా రాతపూర్వకంగా తెలపాలి. ఖండనకు, వివరణకు తర్వాతి సంచికలో చోటు ఉంటుంది.

ఐదో నిబంధనను తేలిగ్గా తీసేయకండి. మొదటి మూడింటి మీద బేరం ఆడతారు, దీని మీద ఎవరూ ఆడరు. చూడటానికి మర్యాదగా ఉంటుంది, పైగా వాళ్లకే వెసులుబాటులా కనిపిస్తుంది. కష్టకాలంలో మీకు ఎక్కువ అక్కరకొచ్చేది మాత్రం ఇదే. నాలుగోది కూడా మీరే ముందుగా రాయండి. హద్దులు మీకే తెలుసని చూపిస్తే హద్దులు గీస్తామని వచ్చేవాళ్లకు పని తగ్గుతుంది.

సంతకం పెట్టనంటే? అప్పుడు 'ఆచరణ' మీద పడండి. ప్రతి సంచికలో ప్రచురణ వివరాలుండే పెట్టెలో "ఈ పత్రికలోని అంశాల నిర్ణయం పూర్తిగా విద్యార్థి సంపాదకవర్గానిది, విద్యాసంస్థ అభిప్రాయాలు కావు" అని వేయండి. ఎవరూ అభ్యంతరం చెప్పకుండా వచ్చిన ప్రతి సంచికా మీ వాదనకు సాక్ష్యమవుతుంది. పాత సంచికలన్నీ ఒకచోట భద్రపరచండి. సంపాదకవర్గ సమావేశాల్లో ఏది వేయాలో మీరే నిర్ణయించుకున్నట్టు మినిట్స్ రాసుకోండి.

నాలుగో మెట్టు: పట్టుకోవడానికి పిడి దొరక్కుండా వార్త రాయండి

వార్తను ఆపాలనుకున్నవాళ్లు "ఇది మాకు ఇష్టం లేదు" అనరు. "ఇందులో తప్పుంది", "అవతలివాళ్లను అడగలేదు", "ఆ అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది" అంటారు. హేజల్‌వుడ్ ప్రిన్సిపాల్ చెప్పిన కారణాలు సరిగ్గా ఇవే. పేర్లు మార్చినా గర్భవతులైన విద్యార్థినుల్ని గుర్తుపట్టే వీలుందన్నారు. విడాకుల కథనంలో ఒక అమ్మాయి తండ్రిని తప్పుపడితే ఆ తల్లిదండ్రులకు స్పందించే అవకాశం ఇవ్వలేదన్నారు. ఆ తీర్పు నాకు నచ్చదు. కానీ ఆ రెండు అభ్యంతరాలనూ ఏ మంచి డెస్కులోనైనా సబ్ ఎడిటర్ ముందే లేవనెత్తేవాడు.

ఒక వాక్యాన్ని దగ్గర్నుంచి చూద్దాం. "హాస్టల్లో మూడు నెలలుగా నీటి ఫిల్టర్లు పనిచేయడం లేదని, ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా యాజమాన్యం పట్టించుకోవడం లేదని విద్యార్థులు వాపోతున్నారు." మామూలు వార్తా వాక్యమే. ఇప్పుడు పెన్సిల్ పట్టుకోండి. 'మూడు నెలలు' ఎవరు చెప్పారు? మొదటి ఫిర్యాదు మీద తేదీ ఉందా? 'ఫిల్టర్లు' అంటే అన్నీనా, కొన్నా? మీరు వెళ్లి చూశారా? 'ఎన్నిసార్లు' అంటే ఎన్ని? 'పట్టించుకోవడం లేదు' అన్నది మీరు ఇచ్చిన తీర్పు, వాళ్ల మనసులో ఏముందో మీకు తెలియదు. 'విద్యార్థులు' ఎంతమంది, ఎవరైనా పేరు చెప్పడానికి సిద్ధమా?

జవాబులు సేకరించాక వాక్యం ఇలా మారుతుంది: "హాస్టల్లోని ఆరు ఫిల్టర్లలో నాలుగు ఈ నెల 9న పనిచేయడం లేదు. వీటిపై జూన్ 12, జులై 3, ఆగస్టు 20 తేదీల్లో విద్యార్థులు రాసిన మూడు ఫిర్యాదుల కాపీలు పత్రిక వద్ద ఉన్నాయి. వాటికి రాతపూర్వకంగా జవాబు రాలేదని ఫిర్యాదుదారులు తెలిపారు." వాపోవడం పోయింది, ఘాటు పెరిగింది. ఇందులో ఏ ముక్క తప్పో చెప్పమని ఎవరినైనా అడగొచ్చు.

ప్రతి కథనానికీ ఇలాంటి పరిశీలన పత్రం ఒకటి తయారుచేసి, ఒక్కో వాస్తవం పక్కన ఆధారం ఏమిటో రాసి దాచండి. కథనం రాసినవాళ్లు తమదాన్ని తామే పరిశీలించకూడదు.

వివరణ తీసుకోవడంలో రెండు మాటలు. ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి, గడువు తేదీతో పాటు గంట కూడా చెప్పండి, సెలవు రోజు ముందు సాయంత్రం పంపి "స్పందించలేదు" అని రాయకండి. అవతలివాళ్లు కథనం మొత్తం చూపించమంటే వద్దు, వాళ్లు చెప్పిన మాటల వరకు చదివి వినిపించండి.

పేర్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. లైంగిక దాడి బాధితుల, నేరాల్లో చిక్కుకున్న మైనర్ల వివరాలు బయటపెట్టడం చాలాచోట్ల నేరం. పేరు తీసేస్తే సరిపోదు. సంవత్సరం, బ్రాంచి, హాస్టల్ బ్లాకు కలిపి చదివితే క్యాంపస్‌లో ఎవరికైనా తెలిసిపోతుంది. కథనాన్ని ఆ తరగతిలోని వ్యక్తి కళ్లతో ఒకసారి చదవండి.

ఐదో మెట్టు: పత్రాలు అడిగి తీసుకోండి

మనుషులు మాట మారుస్తారు, ఫైలు మార్చడం కష్టం. ప్రభుత్వ సమాచారాన్ని చూసే హక్కుకు స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో అలాంటి చట్టం ఉంది. భారతదేశంలో 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ యూనివర్సిటీ సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు అడుగుతున్నారో దరఖాస్తుదారు చెప్పనక్కర్లేదు.

ప్రశ్నలు కాకుండా పత్రాలు అడగడమే ఇందులో కిటుకు. "ఫిల్టర్లు ఎందుకు బాగుచేయలేదు?" అంటే తప్పించుకునే జవాబొస్తుంది. "జనవరి నుంచి జూన్ వరకు ఫిల్టర్ల నిర్వహణ ఒప్పందం, చెల్లింపు బిల్లులు, ఫిర్యాదుల రిజిస్టర్ కాపీలు" అంటే ఇవ్వాలి, లేదా ఇవ్వనని రాతలో చెప్పాలి. రెండూ వార్తే.

ఆరో మెట్టు: మాట ఇచ్చే ముందు ఆలోచించండి, ఇచ్చాక కాపాడండి

"నీ పేరు బయటికి రాదు" అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాట అనే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. పేరు సంపాదకులకు చెప్పొచ్చా? వాళ్ల మాటల్ని వేయొచ్చా, సమాచారం మాత్రమే వాడాలా? పోలీసులో కోర్టో అడిగితే మీరు ఎంతదాకా నిలబడగలరు? మీ దేశంలో విలేకరి ఆధారాలకు చట్టరక్షణ ఏమేరకు ఉందో తెలియకుండా "జైలుకైనా వెళ్తా" అనకండి.

1971లో స్టాన్‌ఫర్డ్ డైలీ కార్యాలయాన్ని పోలీసులు వారంటుతో సోదా చేశారు. క్యాంపస్ ఆసుపత్రిలో నిరసనకారులకు, పోలీసులకు జరిగిన ఘర్షణ ఫోటోల కోసం వచ్చారు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఆ సోదా చెల్లుతుందంది. దాంతో 1980లో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ పత్రికా కార్యాలయాల సోదాలను కట్టడి చేసే చట్టం చేయాల్సి వచ్చింది. అప్పుడు బీరువాలు, ఇప్పుడు ఖాతాలు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్లో, కాలేజీ డ్రైవ్‌లో ఉంచిన ప్రతి చిత్తుప్రతినీ ఐటీ విభాగం కావాలంటే తెరవగలదు. సున్నితమైన కథనాలకు సొంత ఖాతాలు, రెండంచెల లాగిన్, ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజింగ్ యాప్ వాడండి. ఎవరైనా పంపిన ఫోటోలో తీసిన చోటు, సమయం దాగి ఉండొచ్చు, వేసే ముందు ఆ వివరాలు తుడిచేయండి. స్క్రీన్‌షాట్‌లో పైన కనిపించే పేరో, బ్యాటరీ శాతమో కూడా మనిషిని పట్టిస్తుంది.

ఏడో మెట్టు: "ముందు మాకు చూపించండి" అన్నప్పుడు

చూడటం, ఆపడం వేర్వేరు. కానీ చూసినవాళ్లు ఊరుకోరు, మొదట ఒక మాట మార్చమంటారు, తర్వాత ఒక పేరా, ఆపైన శీర్షిక. కాబట్టి మొదటి అడుగులోనే మర్యాదగా నిలబడాలి. వాదన పెట్టుకోకండి. "సరే సర్, ఆలోచించి మెయిల్ పెడతాం" అని బయటికి రండి. ఎవరున్నారు, ఏమన్నారు అన్నది తేదీ, సమయంతో సహా వెంటనే రాసుకోండి. అదే రోజు ఇలాంటి మెయిల్ వెళ్లాలి:

"ప్రిన్సిపాల్ గారికి నమస్కారం. ఈ సంచికలోని హాస్టల్ కథనాన్ని అచ్చుకు ముందు చూపించాలని ఈ మధ్యాహ్నం మీ గదిలో మాతో అన్నారు. మా ప్రచురణ విధానం 2వ నిబంధన ప్రకారం ముందస్తు పరిశీలనకు పంపే పద్ధతి లేదు. మీ వివరణ కోసం సోమవారం ఐదు ప్రశ్నలు పంపాం. గురువారం సాయంత్రం 5 గంటల లోపు జవాబు అందితే కథనంలో చేరుస్తాం. మీ మాటను మేం సరిగా అర్థం చేసుకోకపోతే దయచేసి తెలపండి. కథనాన్ని ఆపాలన్నది కళాశాల నిర్ణయమైతే, ఏ నియమం కింద, ఏ కారణంతో అన్నది రాతపూర్వకంగా తెలపమని కోరుతున్నాం."

మొదటి వాక్యం నోటిమాటను రికార్డులోకి తెస్తుంది. "సరిగా అర్థం చేసుకోకపోతే" అన్నది వాళ్లు గౌరవంగా వెనక్కి తగ్గడానికి దారి, చాలామంది ఆ దారే పడతారు. జవాబు రాకపోతే మీ మాటే రికార్డుగా మిగులుతుంది.

మెయిల్లో సలహాదారును మీ ముందు నిలబెట్టకండి. ఆయనకో ఆవిడకో అది ఉద్యోగం. 2025 అక్టోబరులో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ, అచ్చు సంచికలో వార్తలు లేకుండా చేయాలన్న ఒత్తిడికి తలొగ్గని విద్యార్థి మీడియా డైరెక్టర్‌ను తొలగించి, పత్రిక అచ్చునే ఆపేసింది. విమర్శలు వెల్లువెత్తాక నెలాఖరుకు అచ్చు విషయంలో వెనక్కి తగ్గింది. నిర్ణయం సంపాదకవర్గానిదని ప్రతి ఉత్తరంలో రాస్తే, సలహాదారుకు "నిర్ణయం పిల్లలది, నాది కాదు" అనే ఆధారం దొరుకుతుంది.

ఎనిమిదో మెట్టు: నిజంగానే ఆపేస్తే

మొదటి రోజు చేయాల్సినవి వరుసగా: పేజీలు, చిత్తుప్రతులు, ఫోటోలు, మెయిళ్లు అన్నీ కాలేజీ సర్వర్ బయట కాపీ చేయండి. వెబ్‌సైట్లోంచి తీయమంటే తీసే ముందు ఆ పేజీని స్క్రీన్‌షాట్లతో భద్రపరచండి. సంపాదకవర్గం అత్యవసరంగా కూర్చుని తీర్మానం రాయాలి. బయటివాళ్లతో మాట్లాడేది ఒక్కరే అని తేల్చుకోండి. ఆ సాయంత్రం ఎవరూ కోపంలో పోస్టులు పెట్టకూడదు. ప్రిన్సిపాల్‌ను తిడుతూ ఒకరు పెట్టిన మీమ్ చాలు, మరుసటి రోజు నుంచి చర్చంతా దాని మీదే నడుస్తుంది, కథనం పక్కకు పోతుంది.

రెండో రోజు పై అధికారికి అప్పీలు. సంస్థలో ఉన్న ఫిర్యాదుల యంత్రాంగాన్ని వాడకుండా నేరుగా కోర్టుకెళ్తే "ముందు అక్కడ అడిగారా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అప్పీలు రెండు పేజీలు మించకూడదు, వెనక మీ కాగితాలన్నీ జతచేయండి. ఇదంతా జరుగుతుండగానే న్యాయ సలహా తీసుకోండి. అమెరికాలో ఈ పని కోసమే 1974 నుంచి స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్ ఉంది, ఉచితంగా సలహా ఇస్తుంది. అలాంటిది లేనిచోట లా కాలేజీల న్యాయ సహాయ విభాగాలు, పౌరహక్కుల సంఘాలు, జర్నలిస్టు సంఘాలను అడగండి.

వేరేచోట ప్రచురించడం మంచి దారే, కానీ హక్కులు ఎవరివో చూసుకోండి. కాలేజీ లోగో, పత్రిక పేరు లేకుండా వేయడం క్షేమం. సాటి విద్యార్థి పత్రికలను ఇలాంటి రోజు రాకముందే స్నేహం చేసుకోవాలి. ఇండియానాలో అచ్చు ఆగినప్పుడు, క్రీడల్లో బద్ధ ప్రత్యర్థి అయిన పర్డ్యూ యూనివర్సిటీ విద్యార్థులు తమ 'ఎక్స్‌పోనెంట్' తరఫున సంఘీభావ సంచిక అచ్చేసి ఆ క్యాంపస్‌కు తెచ్చి పంచారు. ఆ ఫోటోలు చూసినవాళ్లకు గొడవేమిటో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

పత్రిక కట్టలే మాయమైతే అదీ ఆంక్షే. 2002లో బర్కిలీ మేయర్ ఎన్నికకు ముందురోజు, ప్రత్యర్థిని బలపరిచిన 'డైలీ కాలిఫోర్నియన్' విద్యార్థి పత్రిక ప్రతులు దాదాపు 1,000 చెత్తబుట్ట పాలయ్యాయి. ఆ పని చేసింది గెలిచిన అభ్యర్థి టామ్ బేట్సే. తర్వాత ఒప్పుకుని 100 డాలర్ల జరిమానా కట్టారు. ఉచిత పత్రికను ఎత్తుకెళ్తే దొంగతనమెలా అవుతుందన్న వాదన రాకుండా "ఒక్కొక్కరికి ఒక ప్రతి ఉచితం, అదనపు ప్రతులకు వెల ఉంది" అని మొదటి పేజీలోనే వేయండి. స్టాండులో ఎన్ని పెట్టారో లెక్క రాసి ఫోటో తీసుకోండి.

తొమ్మిదో మెట్టు: మీ తప్పును మీరే దిద్దుకోండి

సవరణ వేయడానికి బింకం పనికిరాదు. తప్పు దొరికిన రోజే, అంతే ప్రముఖంగా, ఏది తప్పో ఏది సరైనదో చెబుతూ వేయండి. కథనాన్ని చడీచప్పుడు లేకుండా తీసేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒకసారి తీస్తే, రెండోవాళ్లు వచ్చి "అప్పుడు తీశారుగా" అంటారు. చదువైపోయి వెళ్లినవాళ్లు పాత వ్యాసాల్లోంచి తమ పేరు తీయమని అడగడం ఇప్పుడు ఎక్కువైంది. వాటికి ముందే ఒక పద్ధతి రాసుకోండి. నిజమైన ప్రమాదం ఉంటే పేరు తీయడం, ఇబ్బంది మాత్రమే అయితే ఉంచడం, ఏది చేసినా అడుగున గమనిక పెట్టడం.

మీ మీద మీరు వేసుకునే కత్తెర గురించి కూడా మినిట్స్‌లో రాయండి. ఒక కథనం వదిలేస్తే ఎందుకు వదిలారో ఒక్క లైను. ఆధారాలు చాలకనా, భయపడా? ఏడాది చివర ఆ లైన్లన్నీ కలిపి చదివితే మీ క్యాంపస్‌లో ఎవరి పేరు రాయడానికి చేయి వణుకుతోందో తెలుస్తుంది.

పదో మెట్టు: వెళ్లేముందు అప్పగించండి

యాజమాన్యానికి ఉన్న పెద్ద బలం కాలం. మీరు రెండు మూడేళ్లలో వెళ్లిపోతారు, వాళ్లు ఉంటారు. మీరు సాధించిన సంతకం వచ్చే బ్యాచ్‌కు తెలియకపోతే లేనట్టే. సంపాదకులు మారే రోజున ఒక ఫైలు చేతులు మారాలి. ప్రచురణ విధానం అసలు ప్రతి, చట్టం గురించి రాసుకున్న పేజీ, అధికారులతో నడిచిన ఉత్తరాలు, మినిట్స్, లాయర్ల, పాత సంపాదకుల ఫోన్ నంబర్లు, ఖాతాల పాస్‌వర్డ్‌లు, డొమైన్ రెన్యువల్ తేదీ అన్నీ అందులో ఉండాలి. రెన్యువల్ మరిచిపోయి చేజారిన వెబ్‌సైట్‌కు ఏ కోర్టూ దిక్కు కాదు. పాత సంపాదకుల్లో ఒకరిద్దరు ఏడాది పాటు ఫోన్ ఎత్తుతామని ఒప్పుకోవాలి.

కొత్త సంపాదకులు బాధ్యత తీసుకున్న మొదటి వారంలోనే ప్రిన్సిపాల్‌ను కలిసి తమను పరిచయం చేసుకుని, ప్రచురణ విధానం కాపీ ఒకటి ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద తేదీ వేయించి సంతకం తీసుకోవాలి.